పదహారు బిళ్లలు, రెండు పగుళ్లు

రాయలసీమలో రాతి కడుపులోకి తొంగిచూసిన మొట్టమొదటి మనిషిని నేను. నల్లరాతి లోపల వెంట్రుకంత పగులు ఏ మూల దాక్కున్నా నా లెక్క నుంచి తప్పించుకోలేకపోయేది. ఆళ్లగడ్డ శిల్పులు ఉలి పట్టే ముందు నాకు కబురు పెట్టి, నేను వచ్చేదాకా కూర్చునేవారు.

ఇంతవరకు రాసి ఒకసారి చదువుకున్నాను. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. కాని మూడు వాక్యాల్లో మూడు అబద్ధాలున్నాయి. మొట్టమొదటి మనిషిని కాను, ఈ పని ఎక్కడెక్కడో ఎందరెందరో చేస్తూనే ఉన్నారు. వెంట్రుకంత పగులు మాకెప్పుడూ కనపడలేదు, అరచేయంత ఉంటే తప్ప మా లెక్కకు ఆనేది కాదు. ఇక శిల్పులు నా కోసం కూర్చోవడమా! ఒకాయన మాత్రం నన్నే కూర్చోబెట్టాడు, ఆళ్లగడ్డలో, మిట్టమధ్యాహ్నం, కాలే రాతి మీద. కొత్తగా ఉద్యోగాల్లో చేరి, మీ లెక్కల మీద మీకు కొండంత నమ్మకం ఉన్న పిల్లలారా, మీకు చెప్పాలనుకున్నది ఆ కథే.

నేను నంద్యాలలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ముప్పై ఏళ్లకు పైగా ఫిజిక్సు చెప్పాను. రిటైరవడానికి రెండేళ్లుందనగా నాకొక పిచ్చి పట్టింది. కడుపుతో ఉన్నవాళ్లకు ఆస్పత్రిలో స్కానింగ్ తీస్తారు కదా, చెవికి వినపడని ఆ శబ్దంతోనే రాళ్లకూ స్కానింగ్ తీయాలని. మా చుట్టూ రాళ్లకేం కరువు? బస్సెక్కితే గంటకల్లా ఆళ్లగడ్డ. అక్కడ రోడ్డు పక్కన సగం చెక్కిన దేవుళ్లు ఎండలో పడుకుని ఉంటారు.

ఈ శబ్దం సంగతి అర్థం కావాలంటే వెలుగోడు రిజర్వాయరు గట్టున నిలబడి నీళ్లలోకి ఒక రాయి విసరండి. అల గుండ్రంగా అన్ని వైపులకూ పోతుంది. అన్ని వైపులకూ పోతుంది కాబట్టి ఎక్కడా బలంగా ఉండదు. ఇప్పుడు పదహారుమంది వరసగా నిలబడి పదహారు రాళ్లు విసిరారనుకోండి. ఒకచోట పొంగూ పొంగూ కలిసి పైకి లేస్తాయి. ఇంకోచోట పొంగూ పల్లమూ కలిసి రెండూ అణగిపోతాయి. ఎవరు కాస్త ముందు విసరాలో, ఎవరు కాస్త ఆగి విసరాలో సరిగ్గా చెప్పగలిగితే, ఆ పదహారు అలలూ మీరు కోరిన చోట ఒక్కసారిగా కలుస్తాయి. చుట్టూ నీళ్లు నిమ్మళంగా ఉంటాయి, అక్కడ మాత్రం చేప ఎగిరినట్టు లేస్తాయి!

మా బిళ్లలు రాతిలో చేసేది ఇదే. చొక్కా గుండీ కంటే కాస్త పెద్దవి. కరెంటు తగిలితే వణికి శబ్దం పుట్టిస్తాయి. లోపల ఏదైనా అడ్డం తగిలి శబ్దం తిరిగొస్తే, ఆ వణుకును మళ్లీ కరెంటు చేసి చెబుతాయి. అలాంటివి వరసగా పదహారు. ఏ బిళ్ల శబ్దం రాతిలో ఏ చోటికి ఎంతసేపట్లో, ఎంత బలంగా చేరుతుందో ముందుగా లెక్కగట్టుకుంటేనే, తిరిగొచ్చిన శబ్దం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసేది. లెక్కే కన్ను. లెక్క లేకపోతే బిళ్లలు పదహారూ గుడ్డివి.

ఆ లెక్క నాదేనని ఊరంతా చెప్పుకున్నాను. నల్లబల్ల మీద సూత్రం రాసింది నేనే, అది నిజం. కాని నేను రాసిన ప్రోగ్రాముకు పొద్దున బటన్ నొక్కితే, సాయంత్రం కాలేజీ బస్సు కదిలే వేళకు కూడా రాయి సగమే పూర్తయ్యేది. రాతిలో చుక్క చుక్కకూ పదహారు అలల్ని కూడుకుంటూ పోవడం మరి! దాన్ని పక్కన పడేసి కొత్తది రాసింది మా కంప్యూటర్ డిపార్ట్‌మెంటులో చేరి ఏడాదైనా కాని ఒక అమ్మాయి. వెలుగోడు దగ్గర పల్లెలో వాళ్ల నాయన మిషన్ బడిలో అయ్యవారు, తల్లీ టీచరే, మేనత్తా టీచరే. తప్పు కనబడితే ఎర్రసిరా వెతుక్కునే వంశం.

"సార్, చుక్క చుక్కా ఎందుకు? రాయిని పల్చటి పొరలనుకుందాం. ఒక పొర మీద శబ్దం ఎట్లుందో తెలిస్తే, అది తర్వాతి పొరకు పోయేసరికి ఎట్ల మారుతాదో ఒక్క దెబ్బకు లెక్కేయొచ్చు" అంది.

అంత సులువైతే నాకు తట్టకుండా ఉంటుందా అన్నాను. మరుసటి రోజు నేను క్యాంటీన్లో టీ తాగి వచ్చేలోపల ఆమె ప్రోగ్రాం రాయి మొత్తం నమిలి మింగేసింది. నా పాత పద్ధతితో నాలుగు చోట్ల సరిచూశాను. అచ్చుగుద్దినట్టు ఒకటే జవాబు! ఆ రోజు నేను లాబ్‌లో ఎగిరి గంతేశాను. గంతేసి, బయటికొచ్చి, "నా పద్ధతి పనిచేసింది" అని ప్రిన్సిపాలుకు చెప్పాను. ఈ ఒప్పుకోలు ఆమెకు చాలా ఏళ్లుగా బాకీ.

ఇక అసలు విషయం. జూపాడు బంగ్లా దగ్గర ఒక ఊళ్లో గుడి కడుతున్నారు. ఆ కమిటీ పెద్ద, అక్కడి పాతకాపు రైతు, మా కాలేజీ ఎగ్జిబిషన్‌కు వచ్చాడు. ఇటుకంత రాతిలో దాచిన బెజ్జాన్ని మేం కంప్యూటర్లో చూపిస్తే నోరు తెరిచాడు.

"ఏం సార్, ఇంత రాయి చూసినట్టే నిలువెత్తు విగ్రహం కూడా చూడొచ్చునా?" అన్నాడు.

"కొండనైనా చూస్తాను" అన్నాను. పక్కన ఆ అమ్మాయి దగ్గింది. నేను వినిపించుకోలేదు.

ఆయన భయం ఆయనది. పక్క ఊళ్లో విగ్రహాన్ని లేపుతుంటే లోపలి పగులు విచ్చుకుని రెండుగా విడిపోయిందట. పగిలిన రాయి పూజకు పనికిరాదు. వీళ్ల చెన్నకేశవస్వామిని ఆళ్లగడ్డలో ఒక శిల్పి ఎనిమిది నెలలుగా చెక్కుతున్నాడు. ఆరున్నర అడుగుల నిలువు విగ్రహం. పాదాలు, నడుము, భుజాలు అయిపోయాయి. ముఖం తేలింది, కళ్లు మాత్రం తెరవాలి. ఆ కళ్లు తెరిచేలోపల మిషనుతో ఒకసారి చూపించాలని కమిటీ తీర్మానం.

ఒక పొద్దున నంద్యాలలో బస్సెక్కాను. అమ్మాయి కాలేజీలో కంప్యూటర్ దగ్గర. నేను పెట్టె, తీగలు, బిళ్లలు తీసుకుని ఆళ్లగడ్డకు. అక్కడ కొలిచిన అంకెల్ని ఫోన్లో పంపితే ఆమె లెక్కగట్టి బొమ్మ తిప్పి పంపుతుంది. ఏర్పాటు బాగుంది. కాని ఆళ్లగడ్డలో దిగి సంచి విప్పితే బిళ్లలు బిగించే చెక్కపలక లేదు! కండక్టరు సామాన్లు అటూ ఇటూ సర్దుతూ తోసేశాడని చాలామందికి చెప్పాను. పాపం కండక్టరుకు ఏ పాపమూ తెలియదు. కునికిపాట్లు పడుతూ ఊరొచ్చిందని గబుక్కున లేచి, పలకను సీటు మీదే వదిలి దిగింది నేనే.

శిల్పి నా కంటే నాలుగైదేళ్లు పెద్ద. సన్నగా, ఎండిన కందికంపలా ఉంటాడు. రాతిపొడి పట్టి కనుబొమలు తెల్లగా ఉన్నాయి. నేను రావడం ఆయనకు సుతరామూ ఇష్టం లేదు.

"ఈ రాయిని నేను ఏరుకుంటి సారూ. క్వారీలో ముప్పై రాళ్లు కొట్టి చూసి, దీన్ని ఏరుకుంటి. చెవి పెట్టి విన్యా. ఇప్పుడు దానికి డాక్టర్ని తెచ్చినారు" అన్నాడు.

"డాక్టరుకే ఒక ఆపదొచ్చిందన్నా" అని పలక సంగతి చెప్పాను. ఆయన నవ్వకుండా ఉండలేకపోయాడు.

"దానికేం భాగ్యం? ఈడ చెక్కుంది, తొలిచే బర్మా ఉంది. ఎన్ని బొక్కలు?"

"పదహారు. వరసగా."

"ఎంత ఎడం?"

"అంగుళానికొకటి."

"అంగుళమేనా?"

"అంగుళమే అన్నా. వెంట్రుకవాసి తేడా రాకూడదు."

ఆయన బర్మా కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "నాకా చెప్తాండావ్?" అన్నాడు.

అరగంటలో పలక చేతికొచ్చింది. ఎంత ముద్దుగా ఉందనుకున్నారు! మా వడ్రంగి చేసిన పాతదాని కన్నా పొట్టిగా, పొందికగా ఉంది. బిళ్లలు ఒకదాని భుజం ఒకటి ఆనుకున్నట్టు కూర్చున్నాయి. తీగలు మాత్రం జానెడేసి మిగిలి వేలాడాయి. చెక్కను భలే పొదుపు చేశాడే అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను. ఇక్కడ వేలు పెట్టి గుర్తుంచుకోండి.

బిళ్లకూ రాతికీ నడుమ గాలి చేరితే శబ్దం లోపలికి దిగదు. ఆస్పత్రిలో రాసే జిగురు నేను తీసుకెళ్లాను గాని ఆళ్లగడ్డ ఎండకు నిమిషంలో ఎండి పొరలు లేచింది. శిల్పి భార్య లోపలి నుంచి ఆముదం గిన్నె తెచ్చిచ్చింది. "ఆముదం స్వామికి ఎట్లా చల్లనే లేన్నా" అంది. పడుకోబెట్టిన విగ్రహం పీఠం అడుగున ఆముదం పూసి, పలక ఆనించి, పాదాల నుంచి తల వైపుకు శబ్దం పంపాను. ఒక్కో బిళ్ల వంతు వచ్చినప్పుడు అది అరుస్తుంది, మిగతా పదిహేనూ వింటాయి. అంకెలన్నీ నంద్యాలకు పంపి, శిల్పి చూపించిన రాతి మీద కూర్చున్నాను. ఇందాక చెప్పిన కాలే రాయి అదే.

పది నిమిషాలకు బొమ్మ వచ్చింది. తల చక్కగా ఉంది, నడుము చక్కగా ఉంది. రెండు భుజాల లోపల మాత్రం నల్లటి మచ్చలు! ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి, అంచు నుంచి బెత్తెడు లోపలికి.

నిజం చెప్పాలి. నాకు దుఃఖం రాలేదు. పండగ వచ్చింది. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాడికి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఎవరికీ కనపడనిది కనపడింది!

అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, ఐదు నిమిషాలాగండి. నాకేదో తేడాగా ఉంది. ఇంకోసారి చూస్తాండా."

"చూడు, చూడు" అని పెట్టేసి వెంటనే కమిటీ పెద్దకు ఫోన్ కొట్టాను. "రెండు పగుళ్లు! ఒక్కోటి మూరెడు! భుజాలు రెండూ పోయినాయి!" అన్నాను. బొమ్మ కొలత ప్రకారం మచ్చలు అరచేయంత ఉన్నాయి. ఆ అరచేతిని మూర చేసింది నేనే.

"రేపు పొద్దున వస్తాం సార్. పగులున్నమాట నిజమైతే ఆ రాయి మాకొద్దు. ఇంకో శిల్పిని చూసుకుంటాం" అన్నాడు.

తలెత్తితే శిల్పి నా ఎదురుగా నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. చిన్న సుత్తి తీసుకుని వెళ్లి విగ్రహం ఎడమ భుజం మీద కొట్టాడు. ఖంగుమంది. కుడి భుజం మీద కొట్టాడు. ఖంగుమంది. కంచు గంటలా, చాలాసేపు.

"పలుకుతాంది కదప్పా" అన్నాడు. "పగిలిన రాయి పలకదు. దగ్గుతాది."

"అన్నా, చెవికి వినపడేది వేరు, నా లెక్క వేరు."

"సరే, యాడుంది పగులు? చూపి."

ఫోన్ చూపించాను. ఆయన తెల్లటి కనుబొమలు ముడేసి చూశాడు. ఫోన్‌ను తలకిందులు చేసి చూశాడు. మళ్లీ తిప్పి చూశాడు.

"ఏందీ! ఎడమ పక్క ఎంత లోపలుందో కుడి పక్కా అంతే లోపలుంది. ఎంత లావో అంతే లావు. కొలత పెట్టినట్టు పగిలిందే! ఇంత చక్కగా నేను కూడా చెక్కలేను సారూ."

"మిషను అబద్ధం చెప్పదన్నా" అన్నాను, గొంతు పెంచి.

"మిషను చెప్పదులే. చెప్పేది నువ్వు గదా" అన్నాడు.

బయల్దేరేటప్పుడు ఆయన భార్య మజ్జిగ గ్లాసు నా చేతికిచ్చింది. ముఖం చూడకుండా ఇచ్చింది. శిల్పి సుత్తి పిడి తుడుస్తూ, ఎవరికో చెబుతున్నట్టు అన్నాడు. "రాయి పోతే ఇంకో రాయి దొరుకుతాది. వానికి చెవి పోయిందిరా, పగిలిన రాయిని పట్టుకోలేకపోయినాడు అంటారు సూడు, ఆ మాట తిరిగిరాదు. చెవి పోయిన శిల్పికి ఎవురిస్తారు పని?"

మజ్జిగ గ్లాసు గడప మీద పెట్టేసి బస్సుకు నడిచాను.

నంద్యాల చేరేసరికి సాయంత్రం నాలుగు. అమ్మాయి లాబ్‌లోనే ఉంది. బల్ల నిండా కాగితాలు. శిల్పి మాట ఆమెకు చెప్పాను, కొలత పెట్టినట్టు పగిలిందన్నాడని. ఆమె ఛటుక్కున తలెత్తింది.

"అదే సార్! నాకు తేడా అనిపించింది అదే! పగులుకు ఎడమా కుడీ సమానంగా రావాలని ఏముంది? ఆయన ఒక్క చూపులో పట్టేసినాడు. నేను రెండు గంటల్నుంచి కొట్టుకులాడతాండా." కాగితాలు నా ముందుకు తోసింది. "లెక్క తప్పు లేదు. నా పద్ధతిలో చేసినా, మీ పాత పద్ధతిలో ఆ చోట్ల వరకు చేసినా అవే మచ్చలు. లెక్క తప్పు కాకుంటే, లెక్కకిచ్చిన అంకెల్లో ఏదో ఒకటి అబద్ధమాడతాంది. ఒక్కోటి అడుగుతా, చెప్పండి."

నేను పరీక్ష రాసే పిల్లవాడిలా కూర్చున్నాను.

"రాతిలో శబ్దం వేగం?"

"కొలిచాను. ఆ రాతి ముక్క మీదే."

"బిళ్లలు?"

"పదహారూ పలికాయి."

"బిళ్లకూ బిళ్లకూ ఎడం?"

"అంగుళం."

"కొలిచినారా?"

"శిల్పి చేశాడమ్మా. ఆయన చేతికి తిరుగుంటుందా?"

"కొలిచినారా సార్?"

ఆమె కళ్లు చిన్నవి చేసి, "పలక పొడవు ఎంతుంటాది? చేతుల్తో చూపియ్యండి" అంది.

చూపించాను. ఆమె లేచి స్కేలు తెచ్చి, గాలిలో ఉన్న నా రెండు చేతుల నడుమ పెట్టింది. పన్నెండు ఇంచీల స్కేలు. నా చేతుల మధ్య అది పూర్తిగా పట్టలేదు!

"పదహారు బిళ్లలు, మధ్యలో పదిహేను ఎడాలు. ఎడం ఒక ఇంచీ అయితే పదిహేను ఇంచీలు. ఇందులో యాడ పడతాయి సార్?"

నా చేతులు అలాగే గాలిలో ఉండిపోయాయి. పొట్టి పలక, భుజాలానుకున్న బిళ్లలు, వేలాడిన తీగలు, అన్నీ కళ్లముందు తిరిగాయి. అన్నీ నాకు చెప్పాయి, నేనే వినలేదు.

ఆమె అప్పటికే కీబోర్డు మీద ఉంది. నా చేతుల నడుమ పది ఇంచీలే కాబట్టి, ఎడం ఇంచీలో మూడింట రెండు వంతులనుకుని మళ్లీ లెక్క నడిపింది. తెర మీద బొమ్మ పొర పొరగా పరుచుకుంటూ వచ్చింది. పాదాలు, నడుము, ఛాతీ. మేమిద్దరం కుర్చీల అంచున ఉన్నాం. భుజాల దగ్గరికి వచ్చింది. మచ్చలు రెండూ మెల్లగా కాదు, ఒక్కసారిగా పక్కలకు ఎగిరి, భుజాల అంచుల మీద వాలాయి! కాకులు గోడ మీద వాలినట్టు! లోపల ఏమీ లేదు. శుభ్రం. మేం పగులనుకున్నది భుజం అంచే. బిళ్లలు మేమనుకున్న దానికన్నా దగ్గరగా ఉండేసరికి, పక్కన ఉన్నదాన్నల్లా లెక్క లోపలికి ఈడ్చుకొచ్చింది. మధ్యగీత మీదున్న తల మాత్రం కదలలేదు. అందుకే అంతా బాగున్నట్టే కనపడింది.

ఆమె చప్పట్లు కొట్టింది. నేను కుర్చీ తన్నేసి లేచాను. ఆ సంబరంలో కూడా నా బుద్ధి ఎటు పోయిందో చూడండి. "చూశావా అమ్మా! శిల్పి పలక తప్పు కొట్టాడు!" అన్నాను.

మరుసటి పొద్దున ఇద్దరం ఆళ్లగడ్డలో దిగేసరికి కమిటీ వాళ్లు జీపు దిగుతున్నారు. అమ్మాయి నేరుగా పోయి పలక కొలిచింది. ఆమె ఊహించినట్టే ఇంచీలో మూడింట రెండు వంతులు. నేను ఆగలేకపోయాను. అందరూ వింటుండగా, "అన్నా, నేను అంగుళమంటే నువ్వు తక్కువ పెట్టావు. అదీ సంగతి!" అన్నాను.

శిల్పి ముఖం ఎర్రబడింది. లోపలికి పోయి ఒక పొడవాటి వెదురుబద్ద తెచ్చాడు. దాని నిండా సన్నటి గాట్లు. బద్దను పలక పక్కన పెట్టాడు. గాటుకు గాటు, బెజ్జానికి బెజ్జం. వెంట్రుకవాసి తేడా లేదు.

"ఇది ఈ స్వామి కొలత" అన్నాడు. "పాదం నుంచి కిరీటం దాకా నూట ఇరవై భాగాలు. ఒక భాగం ఒక అంగుళం. స్వామి పెద్దోడైతే అంగుళం పెద్దది, చిన్నోడైతే చిన్నది. మా ఇంట్లో అంగుళమంటే ఇదే. నువ్వేమంటివి?"

"అంగుళమంటి."

"ఇంచీ అంటివా?"

నేను తల దించుకున్నాను.

"ఇంచీ అని ఉంటే టేపు తీసుండేవాణ్ణి. షాబాదు బండలు కోసేటప్పుడు ఇంచీలేగా మాకు! అంగుళమేనా అని మళ్లీ అడిగితి గదా. వెంట్రుకవాసి తేడా రాకూడదంటివి."

పిల్లలారా, వినండి. ముప్పై ఏళ్లు క్లాసులో నేను ఇంచీ అనే అన్నాను. ఇంట్లో ఇంచీ, బజారులో ఇంచీ. ఆ ఒక్కరోజు, శిల్పి ముందు కాస్త మంచి తెలుగు మాట్లాడి పెద్దమనిషిలా కనపడాలని అంగుళమన్నాను. బిళ్లలు తప్పు చేయలేదు, లెక్క తప్పు చేయలేదు, శిల్పి చేయి తప్పు చేయలేదు. తప్పు చేసింది నా గొప్పలకు పోయే బుద్ధి.

కమిటీ పెద్ద గొంతు సవరించుకున్నాడు. "ఏం సార్, నిన్న ఉన్న పగుళ్లు ఈరోజు ల్యావా?"

"అది... నిన్న ఎండకు మిషను కొంచెం..." అని మొదలుపెట్టాను. అవును, మొదలుపెట్టాను. అమ్మాయి దగ్గలేదు ఈసారి. నన్నే చూస్తూ నిలబడింది. గడపలో శిల్పి భార్య, చేతిలో ఆముదం గిన్నె.

"మిషను కాదండీ" అన్నాను. "నేను. పలక కొలవలేదు. ఈ అమ్మాయి ఆగమంటే ఆగలేదు. అరచేయంత మచ్చను మూరెడని మీకు చెప్పాను. ఈ లెక్క రాసింది కూడా నేను కాదు, ఆ అమ్మాయే. రాతిలో పగులు లేదు. ఆయన మొదటే చెప్పాడు."

ఇంత పొడుగు నిజం ఒక్క ఊపిరిలో నేను అంతకుముందెప్పుడూ చెప్పలేదు.

పెద్దాయన కరగలేదు. రైతు కదా, విత్తనం మొలిస్తే గాని నమ్మడు. "నిన్న ఒక మాట, ఈరోజు ఒక మాట. రేపు లేపేటప్పుడు పగిల్తే యాడికి పోయి మొత్తుకునేది మేము? దేన్ని నమ్మల్ల?"

శిల్పి గోడవారకు చెయ్యి చూపాడు. అక్కడ గడ్డిలో నాలుగడుగుల నల్లరాయి పడి ఉంది. పైకి నున్నగా, నిక్షేపంలా ఉంది. "దాన్ని నేను ఆర్నెల్ల కింద పారేసినా. దగ్గింది. పగులు యాడుందో నేను చెవితో చెప్తా. వాళ్లు మిషనుతో చెప్పనీ. ఒకరిది ఒకరం చూడొద్దు. తర్వాత పగలగొట్టి చూద్దాం. అంతే గదా?"

ఎంత ధైర్యం! ఆయన చెవి, ఆయన పేరు, ఎనిమిది నెలల పని, అన్నీ ఆ రాతి మీద పెట్టేశాడు. కమిటీ వాళ్లు చుట్టూ మూగారు. పక్క షెడ్లలో ఉలుల చప్పుడు ఆగిపోయింది.

అమ్మాయి జీపు అవతలికి పోయి చెవులు మూసుకుని నిలబడింది. శిల్పి వంగి, చిన్న సుత్తితో కొస నుంచి కొసకు కొట్టుకుంటూ పోయాడు. ఖంగ్, ఖంగ్, ఖంగ్. ఒకచోట ఆగాడు. వెనక్కి వచ్చాడు. కళ్లు మూసుకుని మళ్లీ కొట్టాడు. సుద్దతో గీత గీసి, రాయి పైభాగమంతా గోనెపట్టా కప్పాడు. తర్వాత మా వంతు. ఆముదం పూశాం. పలక ఆనించాం. అమ్మాయి ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఎడం అంకెను తన చేత్తో కొట్టింది. కొట్టి, నాకు చూపించి, నా చేత తల ఊపించుకుంది. బొమ్మ వచ్చింది. ఒకటే మచ్చ, నడిమికి కాస్త అవతల. గోనెపట్టా ఎత్తకుండా, రాతి పక్క ముఖం మీద తనే ఎర్రసుద్దతో గీసింది. ఎర్రసుద్ద, చూశారా! వంశం పోనిస్తుందా?

రాతి వెన్ను వెంబడి బెజ్జాలు తొలిచి, ఇనుప చీలలు దింపి, శిల్పీ ఆయన తమ్ముడూ వంతులేసుకుని సమ్మెటతో కొట్టారు. పది దెబ్బలు. ఇరవై. రాయి మూలిగింది. తర్వాత ఫట్‌మని నిలువునా విచ్చుకుంది. అందరం మీద పడ్డాం. లోపల, నిగనిగలాడే నలుపుకు అడ్డంగా, పాత తుప్పు రంగు గీత! ఎన్ని వేల ఏళ్ల నాటిదో ఆ పగులు, అప్పుడే మొదటిసారి వెలుతురు చూసింది. గోనెపట్టా లాగేశారు. ఒకపక్క తెల్లగీత, ఒకపక్క ఎర్రగీత, రెంటి నడుమ పగులు.

ఎవరు ముందు అరిచారో తెలియదు. నేనే అయ్యుంటాను. అమ్మాయి శిల్పి భార్యను గట్టిగా పట్టుకుంది. ఆమె చేతిలో ఆముదం ఇద్దరి చీరల మీదా ఒలికింది. శిల్పి మాత్రం ఆ తుప్పు గీత మీద వేలు పెట్టి నిమిరి, "దగ్గుతాందని చెప్తి గదరా" అన్నాడు, రాతితోనే.

కమిటీ పెద్ద రెండు గీతలనూ చూశాడు, పగులును చూశాడు. తర్వాత షెడ్డులో పడుకున్న చెన్నకేశవుడి దగ్గరికి పోయి, తలపాగా తీసి చేతబట్టుకుని, శిల్పితో "స్వామికి కళ్లు తెరిపీ అన్నా, ఇంక బేగా. ప్రతిష్ఠ ముహూర్తం మారదు" అన్నాడు. అంతే. ఎనిమిది నెలల పని నిలబడింది. చెవి నిలబడింది.

వెళ్లబోతూ ఆయన నా వైపు తిరిగాడు. "ఏం సార్, మీ గీతకూ శిల్పి గీతకూ తేడా ఎంత?"

అందరూ నన్నే చూశారు. "ఒక్క అంగు..." అన్నాను. శిల్పి కనుబొమలు లేచాయి. "ఇంచీ" అన్నాను. "ఒక్క ఇంచీ."

షెడ్డు షెడ్డంతా నవ్వింది.

ఆ మాటే ఇన్నాళ్లూ చెప్పుకుంటూ వచ్చాను. ఫేర్‌వెల్ సభలో కూడా అదే చెప్పాను, మైకు పట్టుకుని, ఒక్క ఇంచీ అని. కాని ఇది అచ్చయితే ఆ అమ్మాయి తప్పకుండా చదువుతుంది. చదివి, స్కేలు పట్టుకుని మా ఇంటికి వస్తుంది. అందుకని ఇప్పుడే చెప్పేస్తున్నాను. తేడా రెండు ఇంచీలు. పగులుకు దగ్గరగా ఉన్నది ఆయన గీత.